సిగ్గును, తనయెడల దయయు

తప్పు చేసినవాడు తనయెడల దయ కలిగియుండవచ్చునా? పరులు తప్పు చేసినప్పుడు క్షమింపవలెనని మనకు బాల్యమునుండియు బోధింపబడినది. తాను తప్పు చేసినప్పుడు మాత్రము తన్ను తాను నిందించుకొనుటయే ధర్మమనియు, ఆ నింద యెంత కఠినముగా నున్న అంత మేలనియు మనలో పెక్కండ్రు నమ్ముచున్నారు. దయ యనునది యితరులకు పంచిపెట్టవలసినదే గాని తానుంచుకొనదగినది కాదనియు, తన కుంచుకొన్నవాడు స్వార్థపరుడనియు తలచుచున్నారు. ఈ నమ్మకములో కొంత సత్యము లేకపోలేదు. అయినను, ఇందలి అసత్యభాగము మన గృహములలో, ముఖ్యముగా మన బిడ్డల హృదయములలో, చేయుచున్న హానిని చూచినకొలది, ఈ విషయమును నెమ్మదిగా విచారింపవలసిన యావశ్యకత కలదని మాకు తోచుచున్నది.

మొదట మన భాష యేమనుచున్నదో చూతము. సిగ్గుపడినవానిని గూర్చి తెలుగువారు చెప్పు మాటలు తఱచుగా దేహమును గూర్చిన మాటలే. వానికి తలవంపులైనవి, వాడు తల యెత్తుకొని తిరుగలేడు, నలుగురిలో వానికి ముఖము చెల్లదు. చెల్లుట యనునది నాణెమునకు చెప్పు మాట. వెనుకటి దినములలో వర్తకుడు రూపాయిని రాతిపై మ్రోగించి చూచి, ఇది చెల్లదని తిరిగి యిచ్చునట్లు, సిగ్గుపడినవాడు తన ముఖమును తానే చెల్లని కాసుగా నెంచి, లోకమునకు చూపక దాచుకొనుచున్నాడు. "నలుగురు" అను మాటయు గమనింపదగినదే. ఆ నలుగురెవ్వరో యెవ్వరును చెప్పజాలరు. వారికి పేళ్లు లేవు, ఇండ్లు లేవు. అయినను కూతు పెండ్లికి చేయు వ్యయము మొదలుకొని కొడుకు చదువు వఱకు ఆ నలుగురి తీర్పునకు లోబడియే మన సంసారములు సాగుచున్నవి.

సిగ్గును పూర్తిగా విడువవలెనని మేము చెప్పుట లేదు. మన ప్రాచీనులు దీనిని "హ్రీ" యని పిలిచి సద్గుణములలో చేర్చిరి. భగవద్గీత పదునాఱవ అధ్యాయమునందు దైవీసంపదగా లెక్కించిన గుణములలో హ్రీ యొకటి. బౌద్ధులు హిరి, ఒత్తప్ప యను రెంటిని లోకపాలకములని వర్ణించిరి. మొదటిది పాపకార్యమునుగూర్చి మనలోపల పుట్టు జుగుప్స, రెండవది దాని ఫలమునుగూర్చిన భయము. ఈ సిగ్గు పనికి ముందు నిలుచు ద్వారపాలకుని వంటిది. లంచమునకు చాచబోవు చేతిని వెనుకకు లాగునది యిదియే. అబల నవమానింపబోవు నాలుకను ఆపునదియు నిదియే. ఇట్టి సిగ్గు లేనివాడు మనుష్యులలో నుండదగినవాడు కాడు.

కాని పని జరిగిపోయిన పిమ్మట వచ్చు సిగ్గు మఱియొక విధమైనది. అది ద్వారపాలకుడు కాదు, చెఱసాల కాపరి. "నీవీ పని చేయరాదు" అని చెప్పుటకు మాఱుగా "నీవే చెడ్డవాడవు" అని చెప్పును. ఈ భేదమును హెలెన్ బ్లాక్ లూయిస్ అను అమెరికాదేశపు మనశ్శాస్త్రవేత్త 1971వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమునందు స్పష్టముగా నిరూపించెను. పశ్చాత్తాపమునందు మనుష్యుని దృష్టి తాను చేసిన పనిమీద నుండును. లజ్జయందు అతని దృష్టి తనమీదనే పడి యుండును. చూపునకిది స్వల్పభేదమే. అయినను ఫలమునందు రెంటికిని ఉత్తరదక్షిణధ్రువములంత దూరమున్నది. పని చెడ్డదైన దానిని దిద్దవచ్చును, సొమ్ము తిరిగి యియ్యవచ్చును, మన్నింపుమని యడుగవచ్చును. మనిషియే చెడ్డవాడైనచో దిద్దుటకేమున్నది? దాగుకొనుటయే మిగిలియున్నది. కావుననే పశ్చాత్తాపము మనుష్యుని తాను బాధించినవాని యింటికి నడిపించును. లజ్జ వానిని ఆ వీధినే తప్పించుకొని పోవునట్లు చేయును.

ఈ దాగుకొనుట యెంత లోతైనదో ఛార్లెస్ డార్విన్ 1872లో ప్రకటించిన గ్రంథమునందు మొగము ఎఱ్ఱబాఱుటను గూర్చి వ్రాసిన అధ్యాయమువలన తెలియును. మనోభావముల చిహ్నములన్నిటిలో ఇది మిక్కిలి మానుషమైనదని యాయన చెప్పెను. మన ముఖము నెఱ్ఱబఱచునది మన తప్పు కాదు, ఇతరులు మనలనుగూర్చి యేమి తలచుచున్నారో యను తలంపే యని యాయన నిర్ణయము. ఏ తప్పును చేయనివాడును, తన్ను దొంగయని యెవరో తలచుచున్నారని తెలిసినంతనే ముఖము వివర్ణమై తల వంచును గదా! ఇందువలన నొక ముఖ్యమైన సంగతి తేలుచున్నది. సిగ్గు తప్పునకు కొలబద్ద కాదు. అది పొగ వంటిది. నిప్పు లేనిచోటను ప్రక్కయింటి పొగ మన యింట నిండవచ్చును.

మన దేశచరిత్రమే దీనికి సాక్షి. భర్త మరణించుట బాలవితంతువుయొక్క తప్పు కాదు. అయినను శుభకార్యములకు ఎదురు రాగూడదని, తల బోడి చేసికొనవలెనని, వెలుగులో నిలువరాదని లోకము ఆమెకు సిగ్గును విధించెను. రాజమహేంద్రవరమున 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు వారు శాస్త్రమర్యాదతో మాత్రమే పోరలేదు. తప్పు లేనిచోట నిలుపబడిన యా సిగ్గుతోను పోరిరి. పుట్టిన కులమును గూర్చిన సిగ్గు, పేదఱికమును గూర్చిన సిగ్గు, దేహపు వన్నెను గూర్చిన సిగ్గు, మనోవ్యాధిని గూర్చిన సిగ్గు, ఇవన్నియు ఈ కోవలోనివే. వీనిని మోయువారు నేరము చేసినవారు కారు. ఎవరో వ్రాసిన ఋణపత్రముమీద సంతకము చేయకయే వడ్డీ కట్టుచున్నవారు.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. 2019వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీని తెలంగాణలో ఇంటర్మీడియట్ పరీక్షల ఫలితములు వెలువడెను. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పినట్లు ప్రకటింపబడెను. ఆ ఫలితములలో పొరబాట్లు దొరలినవని వెంటనే ఆందోళన పుట్టెను. తెలుగు పరీక్షలో సున్న వచ్చినదని ప్రకటింపబడిన యొక బాలికకు, కాగితమును మఱల చూచినప్పుడు 99 మార్కులని తేలెను. తప్పినవారి కాగితములన్నిటిని ప్రభుత్వము మఱల పరిశీలింపజేయగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులని బయలుపడెను. కాని యీ లోపలనే ఇరువదిమందికి పైగా బిడ్డలు తమ ప్రాణములను తామే తీసికొనిరి.

ఈ వార్తను చదివినప్పుడు మనలో పలువురు లెక్కల పొరబాటును గూర్చియే కోపించిరి. అది కోపింపదగిన విషయమే. అయినను మేమొక ప్రశ్న నడుగుచున్నాము. లెక్కలన్నియు సరిగానే యున్నచో ఆ మరణములు న్యాయమైనవగునా? నిజముగా తప్పిన బిడ్డ మరణింపదగినవాడా? సున్న నిజమైన సున్నయే యైనను అది యొక కాగితముమీది సున్న గాని జీవితముమీది సున్న కాదు గదా! నెల రెండు నెలలలో మఱల పరీక్ష వ్రాయు వీలు మన రెండు రాష్ట్రములలోను కలదు. ఆ సంగతి ఆ బిడ్డలందఱును ఎఱిగినదే. అయినను ఆ దినమున వారి చెవిలో మ్రోగినది "మఱల వ్రాయుము" అను మాట కాదు. "నలుగురికి ముఖమెట్లు చూపుదువు" అను మాట. ఆ మాటను వారికి నేర్పినదెవ్వరు? ఏ పాఠ్యపుస్తకమునందును అది లేదు. మన మాటలనుండియు, మన మౌనమునుండియు వారు దానిని నేర్చికొనిరి.

మేమెఱిగిన యొక యింట జరిగినది చెప్పెదము. కుమారుడు పరీక్షలో తప్పెను. తండ్రి విద్యావంతుడు, శాంతస్వభావుడు. ఆయన కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. ఆ మాసములోనే దగ్గఱ బంధువుల యింట పెండ్లి వచ్చినది. అక్కడ నలుగురును పిల్లవానిని ప్రశ్నించి నొప్పింతురేమోయని తండ్రి వానిని ఇంటియొద్దనే యుంచి, ఒంటిలో బాగులేదని బంధువులకు చెప్పెను. బిడ్డను కాపాడితినని యాయన నిజముగానే నమ్మెను. కొన్ని సంవత్సరములకు పిమ్మట, ఉద్యోగములో కుదురుకొన్న యా కుమారుడు తల్లితో, "నేను దాచిపెట్టవలసిన వస్తువునని నాకు ఆ దినమున తెలిసినదమ్మా" అని చెప్పెనట. తండ్రి దాచినది వార్తను. కొడుకు గ్రహించినది తన్ను దాచుచున్నారని. ఆ తండ్రిని నిందించుటకు మేమీ కథను చెప్పలేదు. ఆయన స్థానములో మేమున్నను అట్లే చేసియుందుము. పరీక్షాఫలితములు వచ్చిన దినమున, ప్రక్కయింటి వారి యబ్బాయికి ఎన్ని వచ్చినవని మొదట అడిగినవారిలో మేమును ఉన్నాము.

దాచుటవలని యనర్థమును భారతము మనకు కుంతీదేవి కథలో చూపియున్నది. కన్యగా నున్నప్పుడు కలిగిన శిశువును ఆమె సిగ్గుచేత నదిలో విడిచెను. ఆ సిగ్గే ఆమెను హస్తినాపురపు రంగస్థలమున మూర్ఛిల్లజేసెనే గాని నోరు విప్పనీయలేదు. కర్ణుడు కులహీనుడని యవమానింపబడుచుండగా తల్లి చూచుచు నూరకుండెను. యుద్ధమంతయు ముగిసి, చనిపోయినవారికి తర్పణములు విడుచు దినమున ఆమె నిజము చెప్పినప్పుడు, ధర్మరాజునకు తాము చంపించినది తమ యన్నయేయని తెలిసెను. ఆ దుఃఖములో ఆయన స్త్రీలకు రహస్యము నిలువకుండుగాక యని శపించెనని కథ. శాపము తగిన చోటును తాకలేదు. శపింపవలసినది స్త్రీలను కాదు. పదునాఱేండ్లయినను నిండియుండని యొక బాలికకు, తన బిడ్డను నీటిపాలు చేయుటకంటె వేఱు దారి కానరాకుండ చేసిన లోకపు సిగ్గును.

ఇంతవఱకు రోగమును వర్ణించితిమి. ఇక మందును గూర్చి చెప్పవలెను. మందు తనయెడల దయ. ఈ మాట వినగానే కొందఱు పెదవి విఱుతురని యెఱుగుదుము. కావున దీని యర్థమును ముందుగా నిర్ణయింపవలెను. తన్ను తాను పొగడుకొనుట దయ కాదు. తన తప్పునకు సాకులు వెదకుట దయ కాదు. "ఎవరు చేయలేదు గనుక" అని తప్పును చిన్నది చేసికొనుటయు దయ కాదు. టెక్సాసు విశ్వవిద్యాలయములోని క్రిస్టిన్ నెఫ్ అను విదుషి 2003లో ఈ గుణమును నిర్వచించుచు దీనికి మూడంగములున్నవని చూపెను. మొదటిది, తన బాధాసమయమున తన్ను దూషించుకొనక మృదువుగా మాటలాడుకొనుట. రెండవది, పొరపడుటయు ఓడిపోవుటయు మనుష్యులందఱికిని సామాన్యమని తెలిసికొనుట. మూడవది, వచ్చిన బాధను దాచకయు పెంచకయు ఉన్నది ఉన్నట్లు చూచుట.

ఈ మూడింటిలో రెండవది మాకు మిక్కిలి విలువగలదిగా తోచుచున్నది. సిగ్గు మనుష్యునికి చెప్పు మొదటి అబద్ధము "నీవొక్కడవే" యనునది. తప్పిన బిడ్డ తానొక్కడే తప్పినట్లు తలచుచున్నాడు. ఆ సంవత్సరమే లక్షలమంది తప్పినట్లు వార్తాపత్రికలో నున్నను వానికది కనబడదు. అప్పులపాలైన గృహస్థు వీధిలో ఋణము లేనివారే యందఱుననుకొనును. భార్యను ఒక దినమున కఠినముగా దూషించి పిమ్మట కుమిలిపోవువాడు ఇట్టి క్రూరుడు లోకమున లేడనుకొనును. తనయెడల దయగలవాడు తనకు ప్రత్యేకమైన సింహాసనమును కోరడు. ప్రత్యేకమైన నరకమును కోరడు. మనుష్యుల పంక్తిలో కూర్చుండుటకే సమ్మతించును. అట్లు చూచినచో ఇది వినయముయొక్క యొక రూపమే గాని గర్వము కాదు.

దీనిని పరీక్షించుటకు సులభమైన మార్గమొకటి కలదు. మీ మిత్రుని కుమారుడు మీరు చేసిన తప్పునే చేసి, కన్నీటితో మీ యింటికి వచ్చినాడనుకొనుడు. మీరు వానితో నేమి చెప్పుదురు? "నీవు బ్రతికి యేమి ప్రయోజనము?" అని యందురా? అనరు. కూర్చుండబెట్టి మంచినీళ్లిత్తురు. జరిగినదంతయు విందురు. తప్పయినచో తప్పేయని చెప్పుదురు. పిమ్మట "ఇక చేయవలసినదేమో చూతము, రమ్ము" అని యందురు. వానికి చేసిన యీ యుపచారము మీకేల తగదు? పరాయి బిడ్డకు అన్నము పెట్టి తన బిడ్డను పస్తుంచు గృహస్థును లోకము మెచ్చదు. తనకు తానే చుట్టమును, తనకు తానే పగవాడును మనుష్యుడు కాగలడను భావము గీతలో నున్నది. పగవాని పాత్రను మనము చక్కగా నభ్యసించితిమి. చుట్టపు పాత్రను ఇంకను మొదలుపెట్టలేదు.

ఇప్పుడు ఆక్షేపణలను విచారింతము.

మొదటి యాక్షేపణ: తన్ను తాను మన్నించుకొన్నవాడు సోమరి యగును, కొరడా లేనిది ఎద్దు కదలదు. ఇది తర్కమునకు సరియైనట్లు కనబడును గాని యనుభవమునకు సరిపడదు. కెనడాదేశపు కార్లటన్ విశ్వవిద్యాలయములో మొదటి సంవత్సరపు విద్యార్థులు 119 మందిని పరిశీలించి, 2010లో ముగ్గురు పండితులు తమ ఫలితములను ప్రకటించిరి. మొదటి పరీక్షకు చదువక కాలయాపనము చేసిన వారిలో, దానికి తమ్ము తాము క్షమించుకొన్నవారు రెండవ పరీక్షకు తక్కువ కాలయాపనము చేసిరి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో బ్రైన్స్, చెన్ అను నిరువురు 2012లో ప్రకటించిన పరిశోధనమును ఇట్టిదే. కఠినమైన పదపరీక్షలో తప్పిన విద్యార్థులలో, తమయెడల దయగా ఆలోచింప ప్రేరేపింపబడినవారు తరువాతి పరీక్షకు తక్కినవారికంటె ఎక్కువ సేపు చదివిరి. తాము చేసిన యధర్మమును జ్ఞప్తికి తెచ్చుకొన్నప్పుడును, తమయెడల దయ గలవారికే దానిని సరిదిద్దవలెనను కోరిక హెచ్చుగా నుండెను. కారణము సులభముగానే తెలియుచున్నది. చూచినంతనే ప్రాణము పోవునంత భయంకరముగా తప్పు కనబడినచో ఎవరును దానివైపు చూడరు. చూడనిదే దిద్దలేరు. పుస్తకము తెఱచినంతనే "నీవు మూఢుడవు" అను కేక వినబడినచో ఏ బిడ్డ పుస్తకము తెఱచును? కొరడా ఎద్దును కదలించును, నిజమే. కాని ఎద్దునకు గాడి తెలిసియున్నప్పుడు మాత్రమే. తెలియనప్పుడు అది బండిని గోతిలోనికి లాగును.

రెండవ యాక్షేపణ: పరీక్ష తప్పినవానికి దయ తగునుగాక, నిజముగా నితరులకు కీడు చేసినవానికి ఈ దయ తగునా? వాడు తన్ను మన్నించుకొని సుఖముగా నిద్రించినచో నష్టపడినవాని గతి యేమి? ఇది బలమైన యాక్షేపణ. దీనికి మా సమాధానమిది. తనయెడల దయ ఋణమును రద్దు చేయజాలదు. ఋణము తీర్చుటకు వలసిన బలము నిచ్చును. నష్టపడినవాడు మన్నింపవలెనా వలదా యనునది వాని యధికారము. ఆ యధికారమును మనము దొంగిలింపరాదు. తప్పు నొప్పుకొనుట, నష్టమును పూడ్చుట, మఱల చేయకుండుట, ఈ మూడును చేయక తన్ను తాను మన్నించుకొంటినని చెప్పువాడు తనయెడలనే వంచన చేయుచున్నాడు. కాని యీ మూడును చేయుటకు మనుష్యుడు నిలువబడియుండవలెను గదా! నేల కఱచుకొని యేడ్చుచున్నవాని చేతులు పనికి రావు.

అశోకుని పదుమూడవ శాసనమును చూడుడు. పట్టాభిషేకమైన యెనిమిదవ యేట కళింగమును జయించితిననియు, లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు, అంతకు పెక్కురెట్లు జనులు నశించిరనియు, అందుకు తాను పరితపించుచున్నాననియు ఆ రాజు రాతిమీద చెక్కించెను. మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలమీదను ఆ శాసనమున్నది. గెలిచిన రాజు తన తప్పును తానే సంఖ్యలతో సహా చెక్కించుట లోకచరిత్రలో అరుదు. సిగ్గు మాత్రమే యున్నచో ఆయన ఆ యుద్ధమును మఱపింపజూచియుండును. తన్ను తాను ద్వేషించుకొనుటలోనే నిలిచిపోయినచో రాజ్యము విడిచి పోయియుండును. ఆయన రెండును చేయలేదు. మనుష్యులకును పశువులకును వైద్యమునకు ఏర్పాటులు చేయించితిననియు, బాటలవెంట చెట్లు నాటించి బావులు త్రవ్వించితిననియు ఆయన శాసనములు చెప్పుచున్నవి. పరితాపము బావియై దాహము తీర్చినది.

ధర్మరాజుయొక్క వృత్తాంతమును ఇట్టిదే. యుద్ధానంతరము ఆయన తన్ను తాను మహాపాపిగా నెంచి, రాజ్యము వలదు, అడవికి పోయెదనని పట్టుపట్టెను. తమ్ములును ద్రౌపదియు వ్యాసకృష్ణులును ఆయనను వారించిరి. నీవు పాపము చేయలేదని చెప్పి వారాయనను ఊరడించుటతో నిలువలేదు. నీకై యెదురుచూచుచున్న ప్రజలున్నారని గుర్తుచేసిరి. అంపశయ్యమీది భీష్మునియొద్దకు తీసికొనిపోయి రాజధర్మమును వినిపించిరి. శాంతిపర్వమంతయు ఒక విధముగా, తన్ను తాను క్షమింపలేని యొక సత్పురుషుని మఱల పనిలోనికి తెచ్చుటకు పెద్దలు చేసిన దీర్ఘప్రయత్నమే. ఆ ప్రయత్నమును ఒక్క రాత్రిలో ముగింపవలెనని యెవరును తొందరపడలేదనునది మనము గమనింపవలెను.

మూడవ యాక్షేపణ మిక్కిలి దుఃఖకరమైనది. జన్మమున నెన్నడును దయ నెఱుగనివాడు తనకు తాను దయ నెట్లు చూపగలడు? ఇంగ్లండులోని డెర్బీలో చిరకాలము రోగులకు చికిత్స చేసిన పాల్ గిల్బర్టు అను వైద్యశాస్త్రజ్ఞుడు, సిగ్గును ఆత్మనిందయు హెచ్చుగా నున్నవారికి తమయెడల మృదువుగా మాటలాడుకొనుట కష్టమగుటయే గాక భయమును కూడ కలిగించుచుండునని గమనించెను. ఎండకు ఎన్నడును తెఱవని గదిలోనివాడు కిటికీ తెఱచినంతనే కన్నులు మూసికొనును. అట్టివానిని "నిన్ను నీవు ప్రేమించుకొనుము" అని ఒక్కసారిగా ఆజ్ఞాపించుట క్రౌర్యమే యగును. దయయను భాషను మనుష్యుడు ముందుగా ఇతరుల నోట వినియే తాను నేర్చుకొనవలెను. తల్లి పలుకని మాటను శిశువు పలుకజాలడు. కావున నీ విషయము వ్యక్తిధర్మముతో ముగియదు, గృహధర్మమగుచున్నది.

మోహనదాసు గాంధీ తన యాత్మకథలో చెప్పిన సంగతి యొకటి యిక్కడ స్మరింపదగినది. పదునైదేండ్ల వయస్సున ఆయన అన్నయొక్క అప్పు తీర్చుటకై అన్న కడియమునుండి కొంత బంగారము దొంగిలించెను. మనస్సు నిలువక, తప్పంతయు ఒక కాగితముమీద వ్రాసి, తగిన శిక్ష విధింపుమనియు, తన తప్పునకై తన్ను తాను బాధించుకొనవలదనియు వేడుచు, రోగగ్రస్తుడై యున్న తండ్రి చేతికిచ్చెను. తండ్రి చదివెను. కన్నీరు కాగితమును తడిపెను. ఒక్క నిమిషము కన్నులు మూసికొని, పిమ్మట కాగితమును చించివేసి మఱల పండుకొనెను. ఒక్క కఠినవాక్యము లేదు. ఆ తండ్రి "పరవాలేదు" అనలేదు. తప్పును తప్పుగానే దుఃఖించెను. కాని ఆ దుఃఖములో కొడుకును త్రోసివేయలేదు. తప్పును చూచుటయు, మనిషిని విడువకుండుటయు ఏకకాలమున ఎట్లు సాధ్యమో ఆ బాలుడు ఆ మంచముప్రక్కనే నేర్చుకొనెను.

ఇక మన చేతిలోని పని యేమి? ఫలితములు వచ్చు దినమునకు ముందుగానే, "ఏమి వచ్చినను ఈ రాత్రి మనమందఱము కలిసి భోజనము చేయుదము" అని బిడ్డలతో చెప్పుదము. చెడువార్త వచ్చినప్పుడు మొదటి గంటలో బోధలు చేయకుందము. ప్రక్కన కూర్చుండుటయే ఆ గంటకు తగిన బోధ. ఇతరుల బిడ్డలతో పోల్చుట మానుదము. చుట్టము లడిగినయెడల, "ఈసారి తప్పినాడు; మఱల వ్రాయుచున్నాడు" అని బిడ్డ వినుచుండగానే తలవంచక చెప్పుదము. మనము తప్పు చేసినప్పుడు బిడ్డల యెదుటనే ఒప్పుకొని, "ఇది నా పొరబాటు, దీనిని దిద్దుకొందును" అని చెప్పుదము. తన్ను తాను తిట్టుకొనని తండ్రిని చూచిన బిడ్డయే తన్ను తాను తిట్టుకొనకుండ నేర్చును. దుఃఖము మన శక్తికి మించినదని తోచినప్పుడు, చావును గూర్చిన మాట బిడ్డ నోట వినబడినప్పుడు, పరువు పోవునని దాచక వైద్యుని సహాయమును కోరుదము. భారతప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీ మానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి మనోవేదనను గూర్చి మాటలాడవచ్చును. జ్వరమునకు వైద్యుని పిలుచుటలో సిగ్గు లేనప్పుడు దీనికేల యుండవలెను?

తనతో తాను మాటలాడుటకును ఒక క్రమము నలవఱచుకొనవచ్చును. రాత్రి దీపమార్పుటకు ముందు ఆ దినపు పొరబాటును ఒక వాక్యములో చెప్పుకొనవలెను; రెండవ వాక్యము వలదు, ఏలయన రెండవ వాక్యమునుండియే తిట్లు ప్రారంభమగును. పిమ్మట దీనిని దిద్దుటకు రేపు చేయదగిన చిన్న పని యేదో నిర్ణయించుకొనవలెను. తరువాత, అలసిన బిడ్డను నిద్రింపుమన్నట్లు తన్ను తాను నిద్రింపుమని చెప్పుకొనవలెను. తీర్పులు చెప్పుటకు నడిరాత్రి తగిన వేళ కాదు. న్యాయస్థానములైనను రాత్రి మూసియుండును గదా!

ముఖము చెల్లదను మాటతో మొదలుపెట్టితిమి. దానితోనే ముగింతము. నాణెము చెల్లుటయు చెల్లకుండుటయు అంగడిమీద నాధారపడియున్నది. నిన్న చెల్లిన నోటు నేడు చెల్లకపోవుట 2016 నవంబరులో మనమందఱము కన్నులార చూచితిమి. మనుష్యుని ముఖము అట్టిది కాదు. ఏ అంగడియు దానిని ముద్రింపలేదు. ఏ అంగడియు దానిని రద్దు చేయజాలదు. తప్పు చేసిన దినమున అది మట్టికొట్టుకొని యుండవచ్చును. మట్టి పట్టిన ముఖమును ఎవరును పాఱవేయరు, కడుగుకొందురు. కడుగుకొనుటకు చేతులు తన ముఖమును మృదువుగానే తాకవలెను. మన యింట నేడెవరైన తలవంచుకొని ఒక మూల కూర్చుండియుండవచ్చును. వారు బిడ్డలైనను, భార్యయైనను, తండ్రియైనను, చివరకు మనమేయైనను, దగ్గఱకు పోయి, ఆ తలను పైకెత్తి, భోజనమునకు పిలుతము. చేయవలసిన పనిని గూర్చి అన్నము తిన్న పిమ్మట మాటలాడుకొందము.